వేడెక్కిన కడలి.. అడుగంటిన నది
నిజాంపట్నంలో వల తేలికైతే పల్నాటి సంతలో చేప ప్రియం
సముద్రానికి నీరు 'వృథా' అన్న మాటపై పునరాలోచన అవసరం

నరసరావుపేట: పల్నాడుకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి గుంటూరు జిల్లాను విభజించినప్పుడు నిజాంపట్నం, సూర్యలంక తీరాలు బాపట్ల జిల్లాకు వెళ్లిపోయాయి. నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు కృష్ణా తీరం, నల్లమల అంచు, సున్నపురాయి గనులు, మిరప చేలు మిగిలాయి. తీరం పోయినా చేపతో బంధం పోలేదు. నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల మార్కెట్లలో చెరువు చేపలైన బొచ్చె, శీలావతి పక్కనే ఐసు పెట్టెల్లో వంజరం, చందువా, కానాగంతలు కనిపిస్తాయి. మిరప కోతకు వెళ్లే కూలీకి, సున్నపు బట్టీలో పనిచేసే కార్మికుడికి వంజరం అందని ద్రాక్షే. వారి అన్నంలోకి వచ్చేది ఎండు నెత్తళ్లు, ఎండు కవళ్లు, ఉప్పు చేప. సముద్రంలో ఏ మార్పు వచ్చినా మొదట ప్రియమయ్యేది ఈ చిన్న చేపే.

ఆ మార్పు ఇప్పటికే వచ్చింది. అందులో కొంత భాగం ప్రపంచమంతటా పెరుగుతున్న ఉష్ణోగ్రతల ఫలితం. దానిని ఒక జిల్లా గానీ, ఒక రాష్ట్రం గానీ ఆపలేదు. మరికొంత భాగం మాత్రం నది ద్వారా సముద్రానికి చేరాల్సిన నీరు, ఒండ్రు చేరకపోవడం వల్ల వచ్చింది. ఆ నీటిని ఆపే రెండు పెద్ద కట్టడాలు పల్నాటి గడప వద్దే ఉన్నాయి. ఒకటి మాచర్ల సమీపంలోని నాగార్జునసాగర్, రెండోది బెల్లంకొండ ప్రాంతంలోని పులిచింతల. తీరం లేని జిల్లాకు సముద్రంతో ఉన్న అసలు సంబంధం ఇదే.

ఒక డిగ్రీతో ఎంత తేడా?

ఉష్ణమండల హిందూ మహాసముద్ర ఉపరితల ఉష్ణోగ్రత 1951-2015 మధ్య సగటున ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినట్లు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక తేల్చింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలే. మన సముద్రం మిగతా వాటికంటే వేగంగా కాగుతోందన్న మాట.

నేల మీద ఒక డిగ్రీ తేడా మనిషికి పెద్దగా తెలియదు. నీటిలో చేపకు తెలుస్తుంది. చేప శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటిని బట్టే మారుతుంది. నీరు వేడెక్కే కొద్దీ దాని శరీరానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అదే సమయంలో వేడినీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఈ రెండింటి మధ్య నలిగిన చేపకు మూడు దారులే ఉంటాయి. చల్లని నీటిని వెతుక్కుంటూ వేరే తీరానికి పోవడం, మరింత లోతుకు దిగడం, గుడ్లు పెట్టే కాలాన్ని మార్చుకోవడం. మన దేశ సముద్రాల్లో ఈ మూడూ జరుగుతున్నట్లు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు.

నూనె కవళ్లనే తీసుకుంటే, 1980ల మధ్యకాలం వరకూ అవి ప్రధానంగా కేరళ, కర్ణాటక తీరాల చేపలు. తూర్పు తీరంలో వాటి జాడ నామమాత్రమే. ఆ తర్వాత అవి తమిళనాడు, ఆంధ్ర తీరాల వలల్లోనూ పెద్దఎత్తున పడసాగాయి. ఒకప్పుడు చల్లగా ఉండి వాటికి సరిపడని నీరు క్రమంగా అనువుగా మారడమే ఇందుకు కారణమని పరిశోధకులు విశ్లేషించారు. కానాగంతలు మామూలుగా నీటి పైపొరల్లో గుంపులుగా తిరుగుతాయి. అడుగున ఈడ్చే వలలకు గతంలో అరుదుగా చిక్కిన ఈ చేపలు తర్వాతి కాలంలో వాటికీ పడటం మొదలైంది. పైపొర వేడిని తట్టుకోలేక లోతుకు దిగుతున్నాయనడానికి ఇది సూచన. చెన్నై తీరంలో కొన్ని జాతులు ఎండాకాలంలో గుడ్లు పెట్టడం తగ్గించి, చలికాలంలో ఎక్కువగా పెడుతున్నట్లు కూడా తేలింది.

ఈ చివరి అంశం పాలకులు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలు, ఇంజన్ బోట్ల వేటపై నిషేధం ఉంటుంది. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని కాపాడటం ఈ నిషేధ ఉద్దేశం. ఆ రెండు నెలలూ పూట గడవని కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో రూ.10 వేలకు, 2025లో రూ.20 వేలకు పెరిగింది. భృతి పెరగడం మంచిదే. అయితే చేప తన పంచాంగాన్ని మార్చుకుంటే, మనిషి పంచాంగం మాత్రం పాతదే అయితే, నిషేధం లక్ష్యం నెరవేరదు. ఏ జాతి ఏ నెలలో గుడ్లు పెడుతోందో ఆంధ్ర తీరంలో ఎప్పటికప్పుడు లెక్కించి, తేదీలను సమీక్షించాల్సిన అవసరం ఇక్కడే తలెత్తుతోంది.

కేరళ నేర్పిన పాఠం

సముద్రం మారితే బతుకులు ఎంత వేగంగా తలకిందులవుతాయో కేరళ చూసింది. 2012లో అక్కడ దాదాపు 4 లక్షల టన్నుల నూనె కవళ్లు దొరికాయి. 2021లో దక్కినవి 3,300 టన్నులలోపే. వేడి పెరగడం, 2015 నాటి బలమైన ఎల్‌నినో, అడుగు నీరు పైకి ఉబికే తీరు మారడం, వాటికి తోడు పిల్ల చేపలను సైతం వదలకుండా సాగిన విచ్చలవిడి వేట కలిసి ఈ పతనానికి దారి తీశాయి. 2022 నుంచి పట్టుబడి మళ్లీ లక్ష టన్నులు దాటింది. పూర్వపు స్థాయి మాత్రం రాలేదు. పేదవాడి చేపగా పేరున్న కవళ్లు ఆ కొన్నేళ్లపాటు కేరళలో పేదవాడికే దొరకలేదు.

ఈ చేపతో మరో ముడి ఉంది. కవళ్లు, ఇతర చిన్న చేపలు మనుషుల కంచాల్లోకే కాదు, చేపపొడి, చేప నూనె మిల్లులకూ వెళ్తాయి. అక్కడి నుంచి రొయ్యల మేతగా, కోళ్ల దాణాగా మారతాయి. సముద్రంలో చిన్న చేప తగ్గితే ఎండు చేప కొనే కూలీతోపాటు చెరువు రైతు మీద కూడా భారం పడుతుంది. చెరువు చేపలు, రొయ్యలు ఉన్నంతకాలం సముద్రం ఏమైతే ఏమిటన్న ధీమాకు ఆధారం లేదు.

బంగాళాఖాతం తీరే వేరు

దేశంలో 2024లో సముద్రం నుంచి పట్టిన చేపల మొత్తం 34.7 లక్షల టన్నులని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఇందులో గుజరాత్ అగ్రస్థానంలో నిలిచింది. పడమటి తీరం ముందుండటానికి ప్రకృతి ఒక కారణం. అరేబియా సముద్రంలో నైరుతి గాలులు ఉపరితల నీటిని బలంగా తోసేస్తే, అడుగునున్న చల్లని, సారవంతమైన నీరు పైకి ఉబుకుతుంది. ఆ సారంతో కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. వాటిని తిని చిన్న చేప, చిన్న చేపను తిని పెద్ద చేప బతుకుతాయి.

బంగాళాఖాతం ఇందుకు భిన్నం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీటితో పాటు సముద్రంపైనే కురిసే భారీ వర్షాలు కలిసి, ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరుచుకుంటాయి. ఆ పొర మూతలా పనిచేస్తుంది. కింది సారం సులభంగా పైకి రాదు. ఎండవేడి ఆ పొరలోనే నిలిచిపోతుంది. వేడెక్కే కొద్దీ మూత మరింత బిగుసుకుంటుంది. తుపాన్లకు బలం చేకూర్చేది కూడా ఈ వెచ్చని పైపొరే. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబరు 28న కోనసీమ తీరాన్ని తాకిన మొంథా అందుకు ఇటీవలి ఉదాహరణలు. తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ పడవలు ఒడ్డుకు చేరాల్సిందే. వేట సాగే రోజులు ఆ మేరకు తగ్గుతాయి.

ఆంధ్ర తీరంలోనూ వేసవికి ముందు, వేసవిలో కొంతమేర అడుగు నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ విశాఖ తీరంలో దీన్ని తొలిసారి శ్రద్ధగా అధ్యయనం చేశారు. అయితే ఆ బలం పడమటి తీరమంత లేదు. కాబట్టి తూర్పు తీరంలో ఒడ్డుకు దగ్గరి చేపకు సారం అందించే మరో దారి నది ముఖద్వారమే. నడి సముద్రంలో మూతగా మారే మంచినీరు, ఒడ్డు వద్ద మాత్రం అన్నదాత. నది తెచ్చే ఒండ్రు, సిలికా, నత్రజని, భాస్వరం వృక్ష ప్లవకాలకు ఎరువు. హంసలదీవి, నాచుగుంట ప్రాంతాల మడ అడవుల్లో మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట రొయ్య పిల్ల, పీత పిల్ల ఎదుగుతాయి. పండుగప్ప నదిలో పెరిగి, గుడ్ల కోసం ఉప్పునీటికి చేరుతుంది. ఈ రాకపోకలన్నిటికీ నీరు పారడమే ఆధారం.

కృష్ణమ్మ ఎంత మోస్తోంది?

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ప్రస్తుత నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు. కుడి కాలువ కింద ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. కరవు నేలగా పేరుపడ్డ పల్నాడులో వరి, మిరప, పత్తి పండటం ఆ కాలువ చలవే. దిగువన 45.77 టీఎంసీల పులిచింతల 2013లో జాతికి అంకితమైంది. ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకల్లోనూ పెద్దా చిన్నా ఆనకట్టలు అనేకం వెలిశాయి.

ఫలితాన్ని అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు. 20వ శతాబ్దం తొలి 60 ఏళ్లలో కృష్ణ నుంచి సముద్రానికి ఏటా సగటున 50 ఘన కిలోమీటర్లకు పైగా, అంటే సుమారు 1,800 టీఎంసీలకు మించి నీరు చేరేది. శతాబ్దం ముగిసే నాటికి అది సగానికంటే కిందికి పడిపోయింది. 2001-04 మధ్య కరవు కాలంలో దాదాపు శూన్యానికి చేరింది.

నీటికంటే ఒండ్రు లెక్క మరింత కలవరపెడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1966-69 మధ్య కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు 90 లక్షల టన్నులు. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు తగ్గింది. మిగిలినది జలాశయాల అడుగున పేరుకుంటోంది. ఒండ్రు రాకపోవడంతో కృష్ణా, గోదావరి డెల్టాల తీరం అనేకచోట్ల కోతకు గురవుతోంది. తీరం కోసుకుపోతే మడ అడవి పోతుంది. మడ అడవి పోతే రొయ్య పిల్లకు నీడ పోతుంది.

ఇటీవలి సంవత్సరాల్లో చిత్రం మరో మలుపు తిరిగింది. 2019 తర్వాత పలు ఏళ్లలో భారీ వరదలతో వందల టీఎంసీలు సముద్రంలో కలిశాయి. 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద పోటెత్తింది. దానికి ముందటి ఏడాది 2023లో మాత్రం ఎల్‌నినో ప్రభావంతో వానలు ముఖం చాటేసి సాగర్ నిండలేదు. ఒక ఏడాది వరద, మరో ఏడాది ఎండు ఇసుక. జలాశయాలు మధ్యరకం ప్రవాహాలను పూర్తిగా పట్టేస్తాయి. పట్టలేని పెద్ద వరదను ఒక్కసారిగా వదులుతాయి. సముద్రపు చేపకు కావాల్సింది ఇందుకు విరుద్ధం. వానాకాలం పొడవునా కొద్దికొద్దిగా, సమయానికి అందే నీరే ముఖద్వారాన్ని బతికిస్తుంది. నాలుగు రోజుల ప్రళయం ఏడాది పస్తుకు బదులు కాదు.

నైలు నది సాక్ష్యం

నదిని కడితే సముద్రపు చేప ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఈజిప్టు. నైలు వరద మధ్యధరా సముద్రానికి చేరే వేళ అక్కడి తీరంలో ప్లవకాలు విపరీతంగా పెరిగి, వాటి కోసం కవళ్ల జాతి చేపలు గుంపులుగా వచ్చేవి. 1962లో దాదాపు 18 వేల టన్నులు పట్టారు. 1960ల నడుమ ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట నీటిని ఆపడం మొదలైన తర్వాత, ఆ దశాబ్దం ముగిసేసరికి వెయ్యి టన్నులు కూడా దక్కలేదు. 1980ల తర్వాత పట్టుబడి కోలుకున్నా, అందుకు పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువులు, నగరాల మురుగునీరే ప్రధాన కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. నది ఇచ్చిన సారం స్థానంలో మురుగు ఇచ్చిన సారం చేరింది. అది అనుసరించదగిన మార్గం కాదు.

ఒడ్డున ముదిరిన పోరు

వనరు తగ్గితే ముందుగా రాజుకునేది తగవు. చీరాల తీరంలో వాడరేవు, కఠారిపాలెం మత్స్యకారుల మధ్య 2020 డిసెంబరులో ఘర్షణలు జరిగాయి. వల కన్ను ఎంత ఉండాలి, ఏ వలతో ఎంత దూరంలో వేటాడాలి అన్నదే వివాద మూలం. కన్ను చిన్నదైన కొద్దీ పిల్ల చేప కూడా చిక్కుతుంది. ఈ ఏడాది వల నిండినట్లు కనిపించినా, వచ్చే ఏడాదికి తల్లి చేప మిగలదు. రాష్ట్రంలో 1994 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టం సంప్రదాయ తెప్పలు, నావల కోసం ఒడ్డుకు దగ్గరి నీటిని ప్రత్యేకించింది. ఆ గీత దాటి వచ్చే మరబోట్లపై ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఉపగ్రహాల ద్వారా నీటి వేడిని, పత్రహరితం ఉన్న చోట్లను గుర్తించి, చేపలు దొరికే ప్రాంతాల సూచనలను తెలుగులోనూ అందిస్తోంది. గాలించే దూరం, డీజిల్ ఖర్చు తగ్గడానికి ఇది ఉపయోగపడుతోంది. అయితే చేప ఎక్కడుందో చెప్పే పరికరం చేపను పుట్టించలేదు. ఉన్నది తగ్గుతున్నప్పుడు వెతికే నేర్పు పెరిగితే మిగిలినది మరింత త్వరగా ఖాళీ అవుతుంది. సమాచారంతో పాటు నియంత్రణ ఉంటేనే అది మేలు.

'వృథా' ఎవరికి?

సముద్రంలోకి వెళ్లే ప్రతి చుక్కా వృథా అన్న మాట దశాబ్దాలుగా అన్ని పార్టీల సభల్లో వినిపిస్తోంది. 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ముందుకు తెచ్చిన పోలవరం-బనకచర్ల అనుసంధాన ప్రతిపాదనకూ అదే ఆధారం. గోదావరి వరద నుంచి 200 టీఎంసీలను మళ్లించి, పల్నాడు జిల్లా బొల్లాపల్లి వద్ద భారీ జలాశయంలో నిల్వ చేసి, రాయలసీమకు తీసుకెళ్లాలన్నది ఆలోచన. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల మదింపు సంఘం ఆ ప్రతిపాదనను వెనక్కి పంపింది. ఆ తర్వాత మార్గాన్ని, స్వరూపాన్ని మార్చే కసరత్తు సాగింది. ప్రాజెక్టు ఏ రూపంలో వచ్చినా జరిగే చర్చ రాష్ట్రాల వాటాలు, వ్యయం చుట్టూనే తిరుగుతోంది. ముఖద్వారంలోని చేపకు, దానిపై బతికేవారికి ఆ చర్చలో చోటు లేదు.

పల్నాటి రైతు నీరు అడగడం న్యాయం. సాగర్ కాలువ చివరి భూములు నేటికీ నీటి కోసం ఎదురుచూస్తున్నాయి. 2023 నవంబరులో శంకుస్థాపన జరిగిన వరికపూడిశెల ఎత్తిపోతల మాచర్ల ప్రాంతపు ఏళ్లనాటి కోరిక. రైతుకు, మత్స్యకారుడికి మధ్య పోటీ పెట్టడం ఎవరికీ మేలు చేయదు. కానీ కాలువకు ఎంత, విద్యుత్తుకు ఎంత, తాగునీటికి ఎంత అని లెక్కగట్టే పట్టికలో ముఖద్వారానికి ఎంత అన్న గడి కూడా ఉండాలి. జస్టిస్ బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్ నదిలో కనీస ప్రవాహాల కోసం మూడు రాష్ట్రాలకు కలిపి 16 టీఎంసీలు కేటాయించింది. ఒకప్పుడు కడలికి చేరిన 1,800 టీఎంసీల ముందు ఇది పిడికెడు. 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ తీర్పు గెజిట్ ప్రచురణే నిలిచిపోయింది.

చేయదగిన పనులు కొన్ని అందుబాటులోనే ఉన్నాయి. సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీల గేట్లను ఎత్తే సమయంలో వరద ప్రమాదంతో పాటు ముఖద్వారపు అవసరాన్ని చూడవచ్చు. జులై నుంచి అక్టోబరు వరకు మిగులు నీటిని ఒక్కసారిగా కాక, వీలైనంత విడతలవారీగా వదలవచ్చు. కాలువల్లో ఇంకిపోయే, పొలాల్లో అవసరానికి మించి పారే నీటిని ఆదా చేస్తే రైతు వాటా తగ్గకుండానే నదికి కొంత మిగులుతుంది. కొత్త ప్రాజెక్టుల నివేదికల్లో ముంపు గ్రామాల లెక్కతో పాటు దిగువ తీరంలో చేపల లెక్కనూ తప్పనిసరి చేయవచ్చు. వేట నిషేధపు తేదీలను, వల కన్ను నిబంధనలను తీరంలోని పరిశోధన ఫలితాలతో ఎప్పటికప్పుడు సరిచూడవచ్చు.

సముద్రం వేడెక్కడాన్ని నరసరావుపేట ఆపలేదు, నిజాంపట్నం ఆపలేదు. వేడికి అలసిన చేపకు నది నుంచి దక్కాల్సిన ముద్దను దక్కనివ్వడం మాత్రం మన చేతిలో ఉంది. సాగర్ గేటు నుంచి దూకే నీరు పొలానికి వెళ్లకపోతే నష్టమేనన్న భావన పల్నాటిలో సహజం. ఆ నీటిలో కొంత భాగం హంసలదీవి దాటి, కొన్ని నెలల తర్వాత ఐసు పెట్టెలోనో, ఎండు చేపల బుట్టలోనో తిరిగి పల్నాటి సంతకే వస్తోంది. ఆ లెక్క రాసుకోనంత కాలం, వచ్చే ప్రతి ప్రాజెక్టూ ఒక చేతితో ఇచ్చి మరో చేతితో తీసుకుంటూనే ఉంటుంది.